కుడికాలి సంగతి

శనివారం పొద్దున అమెరికాలో షాంటిలీలోని ఒక ఇంట్లో నళిని ఉప్మా కలుపుతోంది. ఆమె భర్త దామోదర్ ఫోన్‌లో పెళ్ళిసంబంధం మాట్లాడుతున్నాడు. అవతల నేపర్‌విల్ నుంచి పిల్లాడి తల్లి నాగమల్లేశ్వరి.

"అవునండీ, మా ప్రణవి సాఫ్ట్‌వేరే. వచ్చే ఆదివారం మీరు తప్పకుండా రండి."

బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్న ప్రణవి ఆగిపోయింది. ఆ ఉద్యోగం మానేసి గుర్రాల ఫారంలో చేరి ఆరు నెలలైంది.

"నాన్నా, అలా ఎందుకు చెప్పారు?"

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నేనాడింది ఒక్కటేగా!"

"నా జాబ్ అంటే మీకు షేమ్. అంతేగా?"

"గుర్రాలకు సంబంధాలు చూస్తుందని చెప్పమంటావా?"

నళిని గరిటె ఠపీమని పెట్టింది. "చూడకుండానే తీసిపారేస్తారేం? ఇవాళ దానితో వెళ్ళి చూసి రండి."

నళిని మాటకి ఆ ఇంట్లో అప్పీలు లేదు.

ఫారంలో ఆ రోజు కాపర్ లాంటర్న్ అనే మగగుర్రాన్ని తమ గుర్రాలకి జతగా చూసుకోవడానికి ఆడగుర్రాల యజమానులు వచ్చారు. పందేలు మానేసి కొత్తగా వచ్చిన గుర్రం అది. అచ్చం పెళ్ళిచూపులే! ఇరవై ఏళ్ళుగా తెలుగువాళ్ళకు సంబంధాలు కుదురుస్తున్న దామోదర్‌కి ప్రాణం లేచివచ్చింది.

"పందేలన్నీ గెలిచిందా?"

"అన్నీ కాదు నాన్నా. కానీ రెండేళ్ళ వయసుకే పెద్ద రేస్ గెలిచాడు. ఈ ఓనర్లు పుట్టే పిల్లని ఉంచుకోరు, ఏడాది దాటగానే వేలంలో అమ్మేస్తారు. అందుకే చిన్నప్పుడే ఫాస్ట్‌గా పరిగెత్తే వంశం కావాలి, చూడ్డానికీ బాగుండాలి. వీడి మదర్‌కి పుట్టిన ఇంకో ముగ్గురు పిల్లలు కూడా విన్నర్సే."

"అయితే తల్లివైపు గట్టిదే!"

వచ్చినవాళ్ళలో ఒక తెల్లజుట్టు ఆవిడ గుర్రాన్ని నడిపించి చూపించమంది. ప్రణవి గుర్రాన్ని నడిపించి తెచ్చి, ఆవిడ అడక్కముందే ఇంగ్లీషులో చెప్పేసింది, ముందు కుడికాలు కాస్త బయటికి తిరిగి ఉంటుందని.

దామోదర్ గబుక్కున దగ్గరికొచ్చాడు. కూతురి చెవిలో గొణిగాడు. "పిచ్చిదానా! ఆవిడ చూడనే లేదు కదే!"

"పుట్టే పిల్లకి అదే కాలు వస్తే ఎవరు రెస్పాన్సిబుల్ నాన్నా?"

ఆవిడ వంగి ఆ కాలిని రెండుసార్లు పరిశీలించింది. తన దగ్గర కాళ్ళు తిన్నగా ఉన్న ఆడగుర్రాలు రెండున్నాయని, రెండింటినీ పంపిస్తానని చెప్పింది. ఈ అమ్మాయి మాట విన్నాక ఇంకెవర్నీ అడగక్కర్లేదంది.

దామోదర్ కళ్ళు చెమర్చాయి. గుర్రం వంకర కాలినే ఈ పిల్ల దాచలేదు. ఏ వంకరా లేని పిల్లని తాను దాచాడు. అక్కడే కంచె పక్కన నిలబడి ఫోన్ తీశాడు.

"నాగమల్లేశ్వరి గారూ, పొద్దున అబద్ధం చెప్పానండీ. మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ మానేసి గుర్రాల ఫారంలో పనిచేస్తోంది. ఎంత బాగా చేస్తుందో ఇప్పుడే కళ్ళారా చూశాను. అది నచ్చితేనే రండి."

వెనక నిలబడి అంతా విన్న ప్రణవి ముందుకొచ్చింది. "ఏమన్నారు?"

"ఆలోచించుకుని చెప్తారట. చెప్పనీ, చెప్పకపోనీ. తప్పు నాది తల్లీ."

ప్రణవి ఏడుస్తూనే తండ్రిని వాటేసుకుంది. ఆయన ఆమె తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, గుర్రం వైపు కాస్త భయంగా చూశాడు.

"ఒకసారి ముట్టుకోనా దాన్ని?"