సబ్బుల వంతెన

“లాగకే! అట్ట అప్పుడే లాగకే!” అని నిదానం అరుస్తూనే ఉంది.

అప్పటికే గడుగ్గాయి లాగేసింది.

సబ్బు ముక్కలు దబదబమని బల్లమీదా నేలమీదా పడ్డాయి. ఒకటి జారుకుంటూ వెళ్లి టీచరు చెప్పుకు తగిలి ఆగింది. క్లాసంతా గొల్లుమంది.

“వంతెన పోతే పోయింది, గది మాత్రం ఘుమఘుమలాడుతోంది!” అన్నాడు వెనక బెంచీ బొండాం.

ఆ ఇద్దరికీ ఇంట్లో వేరే పేర్లున్నా, బళ్లో అందరూ పిలిచేవి ఇవే. నిదానం దూకేముందు పదిసార్లు చూసుకునే పిల్ల. గడుగ్గాయి గాల్లో ఉండగా చూసుకునే పిల్ల.

ఆ వారం టీచరు వంతెనల పాఠం చెప్పింది. వెనకటి మనుషులు వాగుకు అడ్డంగా పడిన చెట్టుమీద నడిచేవాళ్లు. తర్వాత తామే దుంగలు వేసుకున్నారు. రాతి పలకలు పరిచారు. చాలాకాలానికి చిన్నచిన్న రాళ్లతో విల్లులా వంపు తిప్పి కట్టడం నేర్చుకున్నారు. కింద చెక్క ఆసరా పెట్టి, రెండువైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి దిగేసేవాళ్లు. ఆ తర్వాతే ఆసరా తీసేవాళ్లు.

ఒక్కో జట్టుకు ఒక్కో వంతెన. వీళ్లిద్దరికీ విల్లు వంతెన వచ్చింది. బట్టల సబ్బును తీగతో కోసి, పైన వెడల్పుగా, కింద సన్నగా ముక్కలు చేశారు. రెండు చివర్లా ఇటుకలు, కింద ఆసరాగా వంచిన అట్ట. మధ్యాహ్నం చిన్నతరగతి పిల్లలు బొమ్మకార్లు తెచ్చి వంతెనలమీద నడిపిస్తారు.

నడిమి రాయి మాత్రం గడుగ్గాయి ఇంటినుంచి తెచ్చింది. అదొక గులాబీరంగు ఒంటిసబ్బు. కోడిగుడ్డులా నున్నగా, గుండ్రంగా ఉంది.

“అన్నిటికంటే ముఖ్యమైన రాయి కదే, అందంగా ఉండొద్దూ?” అంటూ, నిదానం వద్దంటున్నా ఇరికించింది.

ఇప్పుడు నిదానం ముక్కలు ఏరలేదు.

“కటీఫ్! నువ్వూ, నీ స్నానం సబ్బూ!” అంది. సంచీ తీసుకుని చివరి బెంచీకి వెళ్లిపోయింది.

గడుగ్గాయి నవ్వబోయింది. నవ్వు రాలేదు. పక్కన మనిషి లేకపోతే బెంచీ అంత పొడుగ్గా ఉంటుందని ఇన్నాళ్లూ తనకు తెలియదు.

ఒక్కతే మళ్లీ పేర్చింది. ఎడమవైపు పట్టుకుంటే కుడివైపు జారుతోంది.

“టీచర్! నావైపు బానే ఉంది. అటువైపుదే పడిపోతోంది!”

“నీవైపుదీ పడాలనే చూస్తుందమ్మా. అటునుంచి వాలేది దాన్ని పడనివ్వదు. ఇది దాన్ని పడనివ్వదు. అదే కిటుకు,” అంది టీచరు. “నడిమి రాయి రెండు పక్కలా ఆనాలి. నీది ఎటూ ఆనట్లేదు, ఊరికే కులుకుతోంది.”

గడుగ్గాయి కిసుక్కున నవ్వింది. నవ్వు ఆపి, చివరి బెంచీవైపు చూసింది. తర్వాత తీగా, ఓ బట్టల సబ్బు ముక్కా పట్టుకుని అక్కడికి వెళ్లింది.

“ఏమే.”

నిదానం కిటికీవైపు తిరిగి కూర్చుంది.

“నువ్వు గీత గియ్యవే. దానిమీదే కోస్తా.”

“నీకు ఆగడం వచ్చా?”

“రాదు. నేర్పు.”

నిదానం మూతి బిగించే ఉంచింది. కానీ పెన్సిలు తీసింది.

ఇద్దరూ చెరోవైపు నుంచీ పేర్చుకుంటూ వచ్చారు. గీతమీద కోసిన నడిమి ముక్క బిగుతుగా దిగింది. నిదానం వంగి ఇటుపక్క చూసింది. అటుపక్కకు వెళ్లి చూసింది. మళ్లీ ఇటొచ్చింది. చిన్నపిల్లలు కార్లతో బల్లచుట్టూ మూగేశారు.

“అక్కా, లాగక్కా! తొందరగా!”

గడుగ్గాయి కాళ్లు నేలమీద దరువేస్తున్నాయి. అట్టమీది చెయ్యి మాత్రం కదల్లేదు.

“ఉండండర్రా,” అంది. “మా నిదానం ఇంకా చూస్తోంది.”

నిదానం తలెత్తింది. వచ్చి, అట్ట రెండో కొసన తనూ చెయ్యివేసింది.

“ఇప్పుడు లాగవే!”

ఇద్దరూ మెల్లగా లాగారు. ఎర్రకారొకటి బుర్రుమంటూ వంతెన ఎక్కి, అటువైపు దిగింది.