ఎండని నిమ్మకాయ

ఆ ఉదయం ఏజెంట్ ఆతియా చేయాల్సిన పనులు ఇవి. ల్యాబ్ అసిస్టెంట్ వేషంలో బొంతపల్లి దగ్గరి ప్లాంటులోకి వెళ్లాలి. క్యాంటీన్‌లో "చాయ్‌లో అల్లం ఉందా?" అని అడిగిన మనిషిని నమ్మాలి. టెస్ట్ రన్ మొదలయ్యేలోపు విదేశీ ముఠా కుట్ర పసిగట్టాలి. ప్రాణాలతో బయటకు రావాలి.

చివరిది చీఫ్ చెప్పలేదు. ఆమే కలుపుకుంది.

రిఫైనరీ క్రాకింగ్ యూనిట్ల పైపుల్లో కోక్, అంటే నల్లటి మసి, రాయిలా పేరుకోకుండా ఆపే కొత్త క్యాటలిస్ట్ ఆ చిన్న ప్లాంటులోనే పుట్టింది. దాన్నీ, తయారుచేసినవాళ్లనూ ఒకేసారి బూడిద చేయాలన్నది ముఠా పథకం.

అల్లం అడిగింది నిషిత. కన్సల్టెంట్. ముఠాలో మన మనిషి. హెల్మెట్ తీసినా చెదరని జుట్టు, ఖరీదైన సెంటు.

"భయపడకు. పైపు లైన్లన్నీ నేనే చెక్ చేశాను."

అయినా ఆతియా రియాక్టర్ వైపు నడిచింది.

రియాక్టర్ కింద ఊడుస్తున్న ముత్యమ్మ పిలిచింది. దిష్టి తగలకుండా పైపుకు నిమ్మకాయ కట్టేది ఆమే.

"ఇటు సూడు బిడ్డా! వేడి నూనె ఇడిస్తే గంటల ఎండి పెంకైతుండె. ఇయ్యాల ఇడిసి గంట దాటినా పచ్చగనే ఉన్నది. అంత వీరభద్రుని దయ!"

ఆతియా చెయ్యి పెట్టి చూసింది; పైపు చల్లగా ఉంది. పైపు వేడెక్కలేదంటే నూనె పారడం లేదు. లోపల కోక్ అడ్డుపడింది. పంపు ఫుల్ లోడ్‌కు వెళ్తే లైన్ పగిలి షిఫ్ట్ మొత్తం కాలిపోతుంది.

లైన్లు చెక్ చేసింది నిషిత.

కంట్రోల్ రూమ్‌కు పరుగెత్తింది. ఆపరేటర్ యూనుస్ వేలు పంపు బటన్ మీద ఉంది. నిషిత బ్యాగు తీసుకుని బయలుదేరుతోంది.

"యూనుస్, ఆపు!"

"స్క్రీన్ల ప్రెషర్ మంచిగనే ఉన్నది అక్కా. లేటైతే మేనేజర్ చలపతిరావు సార్ తిడ్తడు."

"స్క్రీన్ నార్మల్. నొక్కు," అంది నిషిత.

ఆతియా తలుపు మూసి గడియపెట్టింది.

"సరే, నొక్కు యూనుస్. మేడం కూడా మనతోనే ఉంటారు."

యూనుస్ వేలు కదిలింది.

"వద్దు!" నిషిత కేక పెట్టింది. సెంటు వాసనను చెమట మింగేసింది.

యూనుస్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "యా అల్లా! నిజంగనే నొక్కుతుంటి గద అక్కా!"

"నాకూ అదే భయం," అంది ఆతియా, గోడకు జారగిలబడి.

పైపు విప్పితే లోపల అంతా నల్లరాయి. స్క్రీన్‌కు అబద్ధం నేర్పింది కూడా నిషితేనని తేలింది. ఢిల్లీ రిపోర్టులో మాత్రం ఘనత అంతా చీఫ్ ఇచ్చి పంపిన పెన్ కెమెరాకు దక్కింది. ఆతియా దాని మూతైనా తీయలేదు.

ముత్యమ్మ పేరు అందులో లేదు. మీరైనా ఆమెను గుర్తుంచుకోండి.