పలచబడ్డ గేటు

"మిషన్ శాంభవి నడుపుతుంది. నువ్వు ఆఫీసు ఊడ్చు," అన్నాడు చీఫ్ జాన్ పాల్.

ఏజెంట్ అనఘకు ఒళ్లు మండింది. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. శాంభవికి లిస్బన్, దుబాయ్, షిఫాన్ చీరలు. అనఘకు ఎప్పుడూ చీపురే.

బ్రీఫింగ్ రెండే నిమిషాలు. గవర్నర్‌పేటలో ఒక డిజైన్ ఆఫీసు. సముద్రపు పోటు కాలవల్లోకి ఎక్కకుండా ఆపే ఉక్కు గేటును అక్కడ సాఫ్ట్‌వేర్ డిజైన్ చేస్తోంది. హద్దులు చెబితే చాలు, పదివేల గేట్లు అదే గీస్తుంది. ఒక్కోదాన్నీ కంప్యూటర్‌లోనే తుఫానుకు నిలబెడుతుంది. తట్టుకున్నవాటిలో తేలికైనదాన్ని ఎంచుతుంది. 'పెలికాన్' అనే విదేశీ ముఠా దాన్ని చెడగొట్టాలని చూస్తోంది. గేటు విరిగితే పామర్రు దిగువ వరి పొలాలన్నీ ఉప్పుమయం. మళ్లీ కట్టే కాంట్రాక్టు ముఠా కంపెనీకి. ఆ ముఠాలో మన మనిషిగా చేరింది శాంభవి; వాళ్ల కుట్రను ఆపడం ఆమె పని. ఇవాళ ఐదింటికి గేటు డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది.

నాలుగున్నర. అనఘ ముతక చీరలో ఊడుస్తోంది, జడపిన్నులో మైకు, చెవికమ్మలో స్పీకరు. సాఫ్ట్‌వేర్ ట్రైనర్ వేషంలో శాంభవి జోకులేస్తోంది. ఆఫీసంతా ఇకిలిస్తోంది. అనఘ ఆమె మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. అందుకే కనిపెట్టింది. శాంభవి కడియం కొన విప్పి గేటు డిజైన్ ఉన్న కంప్యూటర్‌కి గుచ్చింది. పెన్‌డ్రైవ్! రెండు సెకన్లలో తీసేసింది.

"చీఫ్, శాంభవి అటువైపు మనిషే," మైకులో గొణిగింది అనఘ.

"నీ ఏడుపు నాకు తెలుసమ్మా. రుజువు చూపించు."

అనఘ ఊడుస్తూ మూల సీటు చేరేసరికి ఐదు కావస్తోంది. అక్కడ శ్రీరామచంద్రమూర్తి గారు నోట్‌బుక్ చూసుకుంటూ నవ్వుకుంటున్నారు. ముప్పై ఏళ్లు చేత్తో గేట్లు డిజైన్ చేసిన ఇంజనీరు.

"ఏంటి సార్, అంత సంబరం?"

"దొరికిందమ్మా దొంగ! ఇరవై మూడు రోజులుగా ఈ సాఫ్ట్‌వేర్ లెక్కలన్నీ చేత్తో వేసి చూస్తున్నా, ఒక్కటైనా తప్పకపోతుందా అని. ఇందాక తప్పింది. పోటు నాలుగు మీటర్లయితే రెండే తీసుకుంది. రేకు మందం సగానికి దించేసింది!"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఫ్యాక్టరీకి వెళ్లనీ. అప్పుడు పోవాలి దాని పరువు, అందరి ముందూ."

"ముందు పొలాలు పోతాయి సార్!"

ఐదుకు పది సెకన్లు. శాంభవి వేలు 'సెండ్' మీద ఉంది. అనఘ ఒక్క దూకు దూకి ఇంటర్నెట్ తీగ పీకేసింది.

"పిచ్చా నీకు? ఎప్పుడూ నా మీద ఏడుపేనా?" అరిచింది శాంభవి.

"అవునే! ఏడుస్తూనే నీ కడియం దాకా చూశాను."

మూర్తి గారి మాటలు మైకులో విన్న జాన్ పాల్ కింద వ్యానులోంచి పరుగెత్తుకొచ్చాడు. శాంభవి చెయ్యి పట్టి కడియం లాగాడు. పెన్‌డ్రైవ్ బయటపడింది. అనఘ వైపు చూడలేక నేల చూశాడు.

పోటు నాలుగు మీటర్లని సరిదిద్ది మూర్తి గారే సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ నడిపారు. పదకొండు నిమిషాలు పట్టింది. వచ్చిన గేటును లెక్కకట్టి చూశారు. తుఫానుకు నిలుస్తుంది. పైగా ఆయన చేత్తో గీసుకున్న గేటు కంటే టన్ను తేలిక.

ఆయన మొహం వాడిపోయింది.

"ఏమైంది సార్? మళ్లీ తప్పా?" కంగారుగా అడిగింది అనఘ.

"లేదమ్మా," అన్నారాయన నోట్‌బుక్ మూసేస్తూ. "కరెక్టుగానే ఏడ్చింది."