దొరసాని బంగళా మిద్దె మీద ఎర్రకన్ను

ఓర్వకల్లు దాటి రాళ్లగుట్టల్లోకి తిరగ్గానే ఎడమపక్క దొరసాని బంగళా. ఎనభై ఏళ్ల కింద ఆ ఇంట్లో జ్వరంతో పోయిన మిషనరీ దొరసాని ఇంకా అక్కడే తిరుగుతోందని ఊరి నమ్మకం. మన దగ్గర దెయ్యాలన్నీ ఆడవే, గమనించారా? మగవాళ్లు బతికుండగానే రాత్రుళ్లు తిరిగేసి ఉంటారు, చచ్చాక ఇక ఆ సరదా మిగలదు.

ఈ కథ నాకు ప్రేమజ్యోతి చెప్పింది. హైవే మీద లారీలు ఆగే హోటల్లో ఇడ్లీలు వేసే పని ఆమెది. మూడున్నరకల్లా పొయ్యి వెలగాలి. అంటే మూడు గంటలకు ఆ బంగళా ముందు నుంచే స్కూటీ మీద పోవాలి. వేరే దారి లేదు.

పోయిన ఫిబ్రవరిలో దొరసాని మిద్దె మీద కనబడడం మొదలైంది.

నొసట ఎర్రటి కన్ను... నడుముకు తోకలాగా తాడు... ఊగుతూ, తూలుతూ నాలుగు దిక్కులూ చూస్తుంది. అర్ధరాత్రి పన్నెండుకు ఒకసారి. మళ్లీ మూడుకు. గడియారం పెట్టుకున్నట్టు—

ఆదివారం చర్చిలో సంఘపెద్ద జ్ఞానరాజు లేచాడు. "ప్రార్థన చేస్తాండాం. అంతదాకా ఆడోళ్లెవరూ చీకట్లో ఆ దావన పోవద్దు."

మగవాళ్లు పోవచ్చట. దొరసానికి మగవాళ్లంటే మర్యాద కాబోలు.

ప్రేమజ్యోతి మొగుడు యేసుప్రసాద్‌కు ఆ మాట చాలింది. "రేపట్నుంచి పని మానేయ్."

"అయితే నువ్వు తోడు రా."

"నాకు నడుం నొప్పి."

హోటల్ నడిపే కృష్ణవేణమ్మ మాత్రం తేల్చి చెప్పింది. ఒక్కరోజు రాకున్నా ఇంకొకరిని పెట్టుకుంటానని. ఇద్దరు పిల్లల చదువూ, ఇంట్లో బియ్యమూ ఆ పొయ్యి మీదే ఉడుకుతున్నాయి. ప్రేమజ్యోతి బండి తీసింది.

బంగళా దగ్గరికి వచ్చింది...

మిద్దె మీద ఎర్రకన్ను తెరుచుకుంది. కదిలింది... అంచుదాకా వచ్చింది... వెనక తాడు బిగుసుకుంది.

"ఎవరది?" — బొంగురు గుసగుస. "ఎడమపక్క ఎర్రదీపం యాడ? కుడిపక్క పచ్చదీపం యాడ? గుద్దుకుంటాం... దావ మార్చుకో!"

ప్రేమజ్యోతికి భయం కంటే కోపం ముందొచ్చిందట.

"ఈ బండికి ముందు లైటే ఒకరోజు ఎలిగితే ఒకరోజు ఎలగదు. పచ్చదీపం యాడ తెచ్చేది మే నీకు?"

దెయ్యం... నవ్వింది.

"ప్రేమక్కా?"

మహిమ! సంఘపెద్ద జ్ఞానరాజు కూతురు. ఆరుగురు ఆడవాళ్ల జట్టుతో తెరచాప పడవలో కేప్‌టౌన్ నుంచి గోవాకు, నలభై మూడు రోజులు నేల మొహం చూడకుండా వచ్చిన పిల్ల.

పడవలో మూడు గంటలకోసారి కాపలా మారుతుంది. కళ్లకు చీకటి అలవాటు చెడకుండా నొసట ఎర్రదీపం పెట్టుకోవాలి. అల ఈడ్చుకుపోకుండా నడుం తాడు పడవకు తగిలించుకోవాలి. ఎదురొచ్చే ఓడలకు ఎడమపక్క ఉండే ఎర్రదీపం, కుడిపక్క ఉండే పచ్చదీపం కోసం చుట్టూ వెతకాలి. ఊరొచ్చి ఎనిమిది రోజులైనా ఆమె ఒళ్లు ఇంకా ఆ పడవ దిగలేదు. నిద్రలోనే లేచి కాపలా కాస్తోంది. నీళ్ల పైపుకు తాడు కట్టుకోకుంటే కునుకు పట్టదు. నడిస్తే నేల ఊగుతుంది.

"ఈడెందుకుండావు మే? మీకు ఇల్లు లేదా?"

"బస్సు దిగి తూలినానక్కా. తాగొచ్చినాననుకుంటారని నాయన రాత్రికి రాత్రే ఈడ పెట్టినాడు. నడక సక్కబడినాకనే ఇంటికి రావాలంట."

కూతురు తాగుబోతు అనిపించుకోవడం కంటే దెయ్యం అనిపించుకోవడమే ఆ పెద్దమనిషికి పరువు. ఆ పరువు కోసం ఊరి ఆడవాళ్లందరి దారీ మూసేశాడు.

"తాడిప్పు. బండెక్కు."

జ్ఞానరాజు తలుపు తీశాడు. గడప ముందు కూతురు ఊగుతూ నిలబడి ఉంది. కూర్చో అనలేదు, నీళ్లు కావాలా అనలేదు. వీధి అటూ ఇటూ చూసి గుసగుసగా అడిగాడంట—

"ఎవరన్నా చూసినారా?"

"నేను చూసినా పెద్దయ్యా," అంది బండి మీది ప్రేమజ్యోతి. "రేపు గూడ అదే దావన పోతా."

అని, వీధిలో ప్రతి ఇంటి దీపమూ వెలిగేదాకా హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదంట.