నీలధారకు నిప్పు తెచ్చిన భ్రమర

నీలధార రాజ్యంలో ఒకనాటి ఉదయం ఏ ఇంట్లోనూ పొయ్యి అంటుకోలేదు. చెకుముకి రాళ్ళు ఎంత కొట్టినా రవ్వ రాలలేదు. రాజుగారి వంటశాల, కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి అన్నీ చల్లబడిపోయాయి. దేవుడి ముందు పెట్టిన దీపం కూడా కొండెక్కింది.

దీనికి కారణం ధూమిక అనే మాంత్రికురాలు. తనను రాజగురువుగా చేసుకోమని ఆమె కీర్తిధర మహారాజును అడిగింది. ఆమె క్షుద్రవిద్యల సంగతి తెలిసిన రాజు ఒప్పుకోలేదు. అప్పుడు ధూమిక హోమగుండంలోకి చెయ్యి చాపి, పిడికెడు మంటను దూదిలా లాగి తీసింది.

"ఈ రాజ్యంలోని నిప్పంతా ఇప్పుడు నా గుప్పిట్లో ఉంది. దీన్ని పొగమల మీద ఇనుప పెట్టెలో దాస్తాను. చేవ ఉన్నవాళ్ళు వచ్చి తీసుకుపోండి!" అని మాయమైంది.

పక్క రాజ్యం నుంచి నిప్పు తెద్దామని చూస్తే అది పొలిమేర దాటగానే ఆరిపోయేది. జనం నానబెట్టిన గింజలూ పచ్చిదుంపలూ తిని కాలం గడిపారు. చలికాలంలో ముసలివాళ్ళు వణికి వణికి మంచం పట్టారు. పొగమలకు వెళ్ళిన యోధులెవ్వరూ తిరిగి రాలేదు.

ఆ రాజధానిలో పాపాచారి అనే కమ్మరి ఉండేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు భ్రమర. తండ్రి పక్కన నిలబడి సమ్మెట వేసి వేసి ఆమె చేతులు ఉక్కు కడ్డీల్లా తయారయ్యాయి. ఆరిపోయిన కొలిమి ముందు తండ్రి రోజంతా పని లేకుండా కూర్చోవడం ఆమె చూడలేకపోయింది. ఒకరోజు సమ్మెట భుజాన వేసుకుని తిన్నగా రాజసభకు వెళ్ళింది.

"మహారాజా, పొగమలకు నేను వెళతాను. నిప్పుతోనే తిరిగి వస్తాను" అంది.

"అమ్మాయీ, కత్తి తిప్పే యోధులే తిరిగి రాలేదు. నీవల్ల ఏమవుతుంది?" అన్నాడు రాజు.

"నాకు కత్తి తిప్పడం రాదు మహారాజా. కానీ నిప్పు లేకపోతే మా ఇంట్లో పని లేదు, తిండి లేదు. అందుకని నేను ఊరికే తిరిగి రాను."

సభంతా ఆమె ధైర్యానికి ముచ్చటపడింది. ఊరి జనం పొలిమేర దాకా వెంట నడిచి సాగనంపారు.

భ్రమర ఉత్తరంగా నడిచి దట్టమైన అడవిలో ప్రవేశించింది. అక్కడ ఒక పెద్ద ఏనుగు దారికి అడ్డంగా పడుకుని ఉంది. దాని అరికాల్లో ఈటె మొన విరిగి దిగబడి ఉంది.

"దగ్గరికొస్తే తొక్కేస్తాను!" అంది ఏనుగు మనిషి గొంతుతో.

"లేచి నిలబడలేని దానివి, ఎలా తొక్కుతావు? కాలు ఇటు చాపు" అంది భ్రమర. ఒక పాదం బండకు తన్నిపెట్టి, మొనను రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున లాగేసింది. ఏనుగు అడవి దద్దరిల్లేలా ఘీంకరించింది. ఆ తరువాత సిగ్గుపడి, ఆమెను వీపున ఎక్కించుకుని వరదలో ఉన్న నదిని దాటించింది.

నదికి ఆవల మధుపురం అనే పట్టణం ఉంది. అక్కడికి చేరేసరికి భ్రమర కాళ్ళు పుండ్లు పడ్డాయి, ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. పూటకూళ్ళ ఇల్లు నడిపే సింగారమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి, పొగలు కక్కే అన్నంలో మిరియాల చారు పోసి, గోరుముద్దలు చేసి తినిపించింది. వేడి అన్నం రుచి మరిచిపోయిన భ్రమరకు ఏడుపొచ్చింది.

మధుపురంలో మాయలూ మంత్రాలూ ఏమీ లేవు. ఆమెను అక్కడ ఎవరూ కట్టి పడేయలేదు. పుండ్లు మానాక వెళదామనుకుంది. మానేసరికి వానలు మొదలయ్యాయి. వానలు వెలిశాక భ్రమర సింగారమ్మ ఇంటి చిల్లు కడవలకు మాట్లు వేసిపెట్టింది. ఆ పనితనం చూసి ఊళ్ళోవాళ్ళు నాగళ్ళు తెచ్చారు, బండి చక్రాలు తెచ్చారు. పని నచ్చింది, మనుషులు నచ్చారు. పొగమల పేరు తలుచుకుంటే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. అందుకని తలుచుకోవడం తగ్గించింది. 'వచ్చే వారం', 'ఈ ఎండలు తగ్గాక' అనుకుంటుండగానే ఏళ్ళు గడిచిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం సింగారమ్మ ఇంటికి ఒక స్త్రీ చిన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. భ్రమర వడ్డించడానికి విస్తరి వేస్తుండగా, ఆ పిల్ల పరుగున పొయ్యి దగ్గరికి పోయి మంటలోకి చెయ్యి పెట్టబోయింది. భ్రమర ఒక్క అంగలో వెళ్ళి పిల్లను వెనక్కి లాగింది.

"అత్తా, ఆ పువ్వు నాకు కోసివ్వవా?" అంది పిల్ల మంటను చూపించి.

తల్లి కంగారుగా వచ్చి పిల్లను ఎత్తుకుంది. "ఏమనుకోవద్దమ్మా. మాది నీలధార. ఇది పుట్టాక నిప్పు చూడలేదు. అదేమిటో దానికి తెలీదు" అంది.

భ్రమర చేతిలోని విస్తరి కింద పడింది. "మీ రాజ్యంలో నిప్పు కోసం ఎవరూ వెళ్ళలేదా?" అని మెల్లగా అడిగింది.

"వెళ్ళకేం? కమ్మరి పాపాచారి కూతురు వెళ్ళింది. మహా మొండిది, ఊరికే తిరిగి రానని సభలో చెప్పి మరీ వెళ్ళిందట. పాపం, దారిలో ప్రాణం పోయి ఉంటుంది. లేకపోతే అలాంటి పిల్ల ఆగుతుందా? పాపాచారి మాత్రం ఈపాటికి వస్తూ ఉంటుందని అందరితోనూ చెబుతుంటాడు."

భ్రమర పెరట్లోకి వెళ్ళి, కట్టెల కింద పడి ఉన్న తన సమ్మెటను బయటకు లాగింది. దానికి తుప్పు పట్టింది. ఇటుకపొడి తీసుకుని తోమసాగింది. చీకటి పడకముందే తోమడం అయిపోయింది, ఏడవడం కూడా అయిపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే సింగారమ్మ దగ్గర సెలవు తీసుకుంది.

"వెళ్ళొద్దననులే. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, తినేసి వెళ్ళు" అంది సింగారమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను పెద్దమ్మా. మూట కట్టివ్వు, నడుస్తూ తింటాను" అంది భ్రమర.

ఒకప్పుడు అలుపు లేకుండా నడిచిన మనిషి, ఇప్పుడు మధ్యాహ్నానికే ఆయాసపడింది. దారి పొడుగునా ముళ్ళకంపలు మొలిచాయి. రోజుకు కొంచెం కొంచెం కంప తొలగించుకుంటూ ఆమె ముందుకు సాగింది. మొదట్లో సాయంత్రమయ్యేసరికి వెనక్కి చూస్తే మధుపురం గోపురం దగ్గరగానే కనిపించి ఉసూరుమనిపించేది. కొన్నాళ్ళకు వెనక్కి చూడడం మానేసింది. ఆ తరువాత చేతులకు పాత బలం తిరిగి వచ్చింది.

అలా వెళ్ళగా ఒక కొండవాగు పక్కన రాతిగుహలో తపస్సు చేసుకుంటున్న ముని కనిపించాడు. భ్రమర ఆయనకు నమస్కరించి, "స్వామీ, పొగమల ఇంకా ఎంత దూరం?" అని అడిగింది.

ముని చెయ్యెత్తి చూపించాడు. మబ్బుల్ని చీల్చుకుని నల్లటి శిఖరం ఒకటి నిలబడి ఉంది.

"అది మంత్రాల కొండ తల్లీ. రోజుకు మూరెడు చొప్పున పెరుగుతుంది. నువ్వు నీలధార నుంచి బయలుదేరినప్పుడు అదొక చిన్న గుట్ట. అప్పుడే వచ్చి ఉంటే పూటలో ఎక్కేదానివి."

భ్రమర ఆ శిఖరం వంక చాలాసేపు చూసింది. తరువాత చెంగు నడుముకు బిగించింది.

"అయితే ఇవాళే ఎక్కడం మొదలుపెట్టాలి స్వామీ. రేపటికి ఇంకో మూరెడు పెరుగుతుంది" అంది.

ముని బిగ్గరగా నవ్వాడు. "ఈ మాట వింటే ఎవరైనా ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. నువ్వు వెళ్ళు తల్లీ. కనుమలో బూడిదకోర అనే రాక్షసుడు ఉంటాడు. వాడు ఏం చెప్పినా సరే, నేల మీద ఉండిపోకు" అని దీవించాడు.

కనుమలో అడుగు పెట్టగానే భ్రమరకు వరుసగా రాతి బొమ్మలు కనిపించాయి. అన్నీ యోధుల బొమ్మలే. ఒక్కటీ నిలబడి లేదు. అన్నీ కూర్చునో, పడుకునో ఉన్నాయి. ఇంతలో తాటిచెట్టంత రాక్షసుడు ఎదురొచ్చాడు.

"ఓసి పిల్లా, నాతో కుస్తీ పడితేనే దారి!" అని గర్జించి, చిటికెన వేలితో ఆమెను తోశాడు. భ్రమర దూరంగా వెళ్ళి పడింది. మోచేతులు చెక్కుకుపోయాయి.

"అయ్యో, దెబ్బ తగిలిందా? కాసేపు అలాగే కూర్చో. తొందరేముంది? ఇన్నేళ్ళు ఆగినదానివి, ఇంకో ఘడియ ఆగలేవా?" అన్నాడు రాక్షసుడు ఎంతో దయగా.

ఆ మాటలు వింటుంటే నిజంగానే ఒళ్ళు బరువెక్కింది. పాదాల వేళ్ళు రాయిలా బిగుసుకోసాగాయి. భ్రమర ఉలిక్కిపడి లేచి నిలబడింది. బూడిదకోర మళ్ళీ తోశాడు. ఆమె మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు పడిందో ఆమెకే గుర్తు లేదు. నోట్లో మట్టి, మోకాళ్ళ నుంచి నెత్తురు. అలా ఒకసారి లేచి చూసేసరికి, తలెత్తితే గానీ కనిపించని రాక్షసుడి ముఖం తన ముఖానికి ఎదురుగా ఉంది! తను లేచినప్పుడల్లా వాడు కుంచించుకుపోతున్నాడని అప్పుడు అర్థమైంది.

"తొయ్యరా, ఇంకా తొయ్యి!" అంది భ్రమర.

"వద్దు, నువ్వు లేవకు! దయచేసి లేవకు!" అని వాడు ఏడుపు గొంతుతో అంటూనే తోశాడు. ఆమె లేస్తూనే ఉంది. చివరికి వాడు పిల్లి అంత అయి, 'కీచ్' మని అరిచి రాళ్ళ సందుల్లోకి పారిపోయాడు. మరుక్షణం రాతి బొమ్మలు ఒళ్ళు విరుచుకున్నాయి. నీలధార యోధులంతా ప్రాణాలతో లేచి నిలబడి, దుమ్ము కొట్టుకుపోయిన ఆ కమ్మరి పిల్లకు చేతులు జోడించారు.

వాళ్ళు కొండ మొదట్లో ఆగిపోయారు. అన్నేళ్ళు రాయిగా ఉన్న కాళ్ళకు ఎక్కే సత్తువ లేదు. భ్రమర ఒక్కతే ఎక్కింది. అలసినప్పుడు నాలుగడుగులే వేసింది, కానీ వేయకుండా ఏ రోజూ గడపలేదు. కొండ మూరెడు పెరిగితే ఆమె బారెడు ఎక్కేది.

శిఖరం మీద ధూమిక ఆమెను చూసి ఆశ్చర్యపోయింది.

"నువ్వా! మధుపురంలో చారన్నం తింటూ నన్ను మరిచిపోయావని నిశ్చింతగా ఉన్నానే!"

"మరిచిపోయిన మాట నిజమే. ఇప్పుడు వచ్చాను. పెట్టె ఏదీ?"

"అదిగో. దానికి తాళం లేదు, మూత లేదు. కావాలంటే పగలగొట్టుకో" అని ధూమిక పకపకా నవ్వింది.

భ్రమర సమ్మెటతో కొట్టింది. పెట్టె సొట్టపోయింది. ఆమె ఊపిరి తీసుకునేలోగా సొట్ట దానంతటదే పూడిపోయింది. ఇనుము మెత్తబడాలంటే కొలిమి కావాలి. నిప్పేమో ఆ పెట్టెలోనే ఉంది. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఆలోచించింది. విడవకుండా కొడితే చల్లటి ఇనుము కూడా వేడెక్కడం ఆమె తండ్రి దగ్గర ఎన్నోసార్లు చూసింది.

ఇక ఆగకుండా ఒకే చోట కొట్టడం మొదలుపెట్టింది. భుజాలు పీక్కుపోయాయి. ధూమిక పక్కన పట్టుపరుపు పరిపించింది, చల్లటి పానకం తెప్పించింది.

"పొద్దున్న కొట్టవచ్చుగా? పెట్టె ఎక్కడికీ పోదు" అంది తియ్యగా.

భ్రమర అటు చూడలేదు. ఒక దెబ్బ చెవుల్లో మోగుతుండగానే ఇంకో దెబ్బ పడింది. కొంతసేపటికి ఇనుము గోరువెచ్చనైంది. తరువాత చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆపైన దెబ్బ పడుతున్న చోట ఎర్రటి చుక్క మొలిచింది. ధూమిక ముఖం పాలిపోయింది. భ్రమర కాలి మునివేళ్ళ మీద లేచి, ఉన్న బలమంతా కూడదీసుకుని సమ్మెట దించింది.

పెట్టె రెండుగా చీలింది. అందులోంచి నిప్పు చిలకల గుంపులా ఎగిరి, ఆకాశమంతా ఎర్రబరుస్తూ నీలధార వైపు సాగిపోయింది. ధూమిక పొగై గాలిలో చెదిరిపోయింది. ఆమె మంత్రంతో పెరిగిన కొండ గుట్టంత అయిపోయి, భ్రమరను మెల్లగా యోధుల మధ్యకు దించింది.

వాళ్ళు నీలధారకు చేరేసరికి ప్రతి ఇంటి కప్పు మీదా పొగ తేలుతోంది. వీధులన్నీ వండిన అన్నం వాసన వేస్తున్నాయి. పాపాచారి ఎదురొచ్చి కూతురి చేతులు పట్టుకున్నాడు. ఆ చేతులకు కాసిన కాయలు తడిమి చూశాడు.

"నేను దారిలో ఆగిపోయాను నాయనా. చాలా ఏళ్ళు ఆగిపోయాను" అంది భ్రమర తల వంచుకుని.

"మళ్ళీ బయలుదేరావు కదమ్మా! అందరివల్లా అయ్యే పనా అది?" అన్నాడు పాపాచారి. ఆయన గొంతులోని గర్వం చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

సంతానం లేని కీర్తిధర మహారాజు నిండుసభలో భ్రమరను తన వారసురాలిగా ప్రకటించాడు. ఆయన తరువాత ఆమె చాలాకాలం నీలధారను చల్లగా పాలించింది.

ఆమె రాణి అయిన కొత్తలో సభకు ఒక ముసలి రైతు వచ్చాడు. పడుచుతనంలో బావి తవ్వడం మొదలుపెట్టి సగంలో వదిలేశాడట. ఇప్పుడు పూర్తి చేయాలని ఉంది గానీ, అడిగితే అందరూ నవ్వుతున్నారని వాపోయాడు. భ్రమర నవ్వలేదు. సింహాసనం దిగి, "ఇంకా పొద్దుంది తాతా, పద చూద్దాం" అని అతనితో పాటే బయలుదేరింది. ఆ బావిలో నీళ్ళు పడిన రోజు రాణి ఒళ్ళంతా బురదతో, తడిసి ముద్దయి, పట్టరాని సంతోషంతో కోటకు తిరిగి వచ్చింది.