చూడని నీలికొంగ

జూనీ చివరి అంకె అతికించేసరికి జిగురు పోస్టర్‌కి తక్కువా, తన వేళ్ళకి ఎక్కువా అంటింది. ఆ అంకె సున్నా. మొదటి నీలికొంగ బొమ్మ పక్కన, కోడిగుడ్డంత సున్నా.

"పదికి సున్నానా?" అన్నాడు రూడీ, వెనక నుంచి వంగి చూస్తూ.

"మరి? వాడు ఎగురుతున్నట్టే ఉండడు. వెనకాల ఒక కొండ పోతుంది. మళ్ళీ అదే కొండ. మళ్ళీ అదే." జూనీ రెండు చేతులూ చాచి, మొహం బిగబట్టి, పెదాలు మాత్రం కదిపింది. "నేనే... నీలి... కొంగని."

బల్ల చుట్టూ ఉన్న పిల్లలంతా పడీపడీ నవ్వారు.

ఇది మా ఊరి లైబ్రరీ వెనక గది. మంగళవారం సాయంత్రాలు ఇక్కడ కామిక్స్ క్లబ్ జరుగుతుంది. మా ఊరు అమెరికాలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. పొగమంచుకీ, కొంగలకీ లోటు లేదు. అందుకే మా పిల్లలకి సూపర్‌హీరోలందరిలోకీ నీలికొంగ అంటేనే ప్రాణం. మామూలప్పుడు అతను పడవలు బాగుచేసే మెకానిక్. ఎవరికైనా ఆపద వస్తే నీలి రెక్కలు తగిలించుకుని వచ్చేస్తాడు.

అతని మీద మూడు కార్టూన్లు వచ్చాయి. మొదటిది జూనీ తాతయ్య చిన్నప్పటిది. రెండోదాంట్లో ఎప్పుడు చూసినా రాత్రే, ఎప్పుడు చూసినా వానే. మూడోది కంప్యూటర్‌తో చేసింది. అందులో రెక్క విప్పితే ఈకలన్నీ విడివిడిగా కదులుతాయి. ఈ మూడింటినీ పోల్చి శనివారం అందరి ముందూ మాట్లాడాల్సింది జూనీ. క్లబ్‌లో నీలికొంగ గురించి ఏ తగువు వచ్చినా తేల్చేది తనే. ఐదో తరగతిలోనే అంత పెద్దరికం సంపాదించింది మరి.

చిక్కల్లా ఒక్కటే. మొదటి కార్టూన్ జూనీ చూడనే లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో ఒకాయన దాన్ని వెక్కిరిస్తూ చేసిన చిన్న వీడియో చూసింది. కొండ జోకు ఆయనదే. సున్నా కూడా ఆయనదే.

బల్ల చివర కూర్చున్న ఎమెట్ మాత్రం నవ్వలేదు. వాడు నాలుగో తరగతి. క్లబ్‌లో కొత్తగా చేరాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

"చివరి ఎపిసోడ్ కూడా చూశావా?" అని అడిగాడు.

జూనీ చుట్టూ చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు.

"చూడకుండా సున్నా వేస్తానా?" అంది.

ఎమెట్ మొహం విప్పారింది. "హమ్మయ్య, చూసినవాళ్ళు ఇంకొకరు దొరికారు. చివర్లో అతను పడవ దగ్గరికి దిగడు కదా, ఎందుకంటావ్?"

"అదా... శనివారం చెప్తాలే."

"సరే. శనివారం అడుగుతా."

ఆ రోజు నుంచి జూనీకి తిండి సయించలేదు. స్కూల్లో లెక్కలు చేస్తున్నా ఆ ప్రశ్నే. బస్సు ఎక్కినా ఆ ప్రశ్నే. ఏ పడవ? ఎందుకు దిగడు? ఇంటర్నెట్‌లో వెతికితే ఆ కార్టూన్ ఎక్కడా లేదు. కథ మాత్రం ఇద్దరు రాశారు. చివర్లో నీలికొంగ చనిపోతాడని ఒకరు, చనిపోడని ఇంకొకరు. ఏది నమ్మాలి?

గురువారం స్కూలు అవగానే లైబ్రరీకి పరిగెత్తింది. మిస్ హార్లన్ కంప్యూటర్‌లో చూసింది. ఆవిడ లైబ్రేరియన్, క్లబ్ నడిపేదీ ఆవిడే.

"ఆ డీవీడీ బయటికి వెళ్ళిందమ్మా. శనివారం తిరిగొస్తుంది. ఇక రెన్యూ చేయడానికి కూడా లేదు."

"ఎవరి దగ్గరుంది?"

"అది మేం చెప్పకూడదు. నీ పేరు వెయిటింగ్‌లో పెట్టనా?"

జూనీ వెనక్కి తిరిగి చూసింది. కిటికీ పక్కన ఎమెట్ కూర్చుని ఉన్నాడు. తెరిచిన వాడి బ్యాగ్‌లోంచి నీలిరంగు డీవీడీ డబ్బా తొంగి చూస్తోంది. వెళ్ళి ఒక్క మాట అడిగితే ఇచ్చేసేవాడే. కానీ అడిగితే తను చూడలేదని తెలిసిపోదూ?

ఎమెట్ చెయ్యి ఊపాడు. "శనివారం," అన్నాడు, లైబ్రరీ కాబట్టి గొంతు తగ్గించి.

"పేరు వద్దులెండి," అంది జూనీ మిస్ హార్లన్‌తో.

ఇంట్లో ఆ సాయంత్రం డబ్బాలోంచి తీసి ఉడికించేసే మాకరోనీ అండ్ చీజ్. జూనీ దాన్ని ఫోర్కుతో అటూ ఇటూ నెడుతూ కూర్చుంది.

"ఏంటి, డబ్బాలో వచ్చిందాన్ని కూడా పాడుచేశానా?" అన్నాడు నాన్న.

"అది కాదు నాన్నా. ఆకలి లేదు."

"శనివారం మాట్లాడాలనా? పిచ్చిదానా, నీకు తెలిసిందే కదా చెప్పేది. తెలిసింది చెప్పడానికి భయం దేనికి?"

జూనీ ఫోర్కు కింద పెట్టేసింది.

శనివారం రానే వచ్చింది. వెనక గదిలో మడత కుర్చీలు వేశారు. ఒక మూల డోనట్లు, నారింజ రసం. అమ్మానాన్నలు కూడా కొందరు వచ్చారు. జూనీ పోస్టర్ పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

లోపల ఎమెట్ నీలి రెక్కలు కట్టుకుని నిలబడి ఉన్నాడు. స్నానాలగది కర్టెన్‌ని కత్తిరించి కుట్టినవి. రింగులు తగిలించే చిల్లులు ఇంకా అంచుల వెంట కనిపిస్తున్నాయి. జూనీ తర్వాత మాట్లాడే వంతు వాడిదే.

"ఒరేయ్, కొండేది రా?" అన్నాడు రూడీ. చేతులు చాచి, మొహం బిగబట్టి వాడి చుట్టూ తిరిగాడు. "నేనే... నీలి... కొంగని."

ఇంకో ఇద్దరు అందుకున్నారు. అచ్చం జూనీ చేసి చూపించినట్టే చేశారు. ఎమెట్ రెక్కలు విప్పి, ముద్దగా చుట్టి, బ్యాగ్‌లో కుక్కేశాడు. మిస్ హార్లన్ దగ్గరికి వెళ్ళాడు.

"నా పేరు తీసేయండి. నాకు చెప్పాలని లేదు."

"అదేంట్రా, ఇన్నాళ్ళూ తయారయ్యావుగా?"

"జూనీ సున్నా వేసిందిగా. తనకి అన్నీ తెలుసు."

గుమ్మం దగ్గర జూనీకి అంతా వినిపించింది. ఆ మాటకి తనకి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. కానీ మిస్ హార్లన్ అప్పుడే తన పేరు పిలిచింది.

మూడో నీలికొంగ గురించి జూనీ బాగానే చెప్పింది. రెండోదాని గురించి ఇంకా బాగా చెప్పింది. అంత వానలో తడిసిన ఈకలతో ఎలా ఎగురుతాడో నాకైతే అర్థం కాదంటే అమ్మానాన్నలు కూడా నవ్వారు. ఇక మిగిలింది మొదటిది.

"కొండ, కొండ," అన్నాడు రూడీ.

జూనీ ఎమెట్ వైపు చూసింది. వాడు తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నాడు. చెయ్యి ఎత్తేలా లేడు. వారమంతా తను భయపడి చచ్చిన ఆ ప్రశ్న ఇక రాదు. జోకు చెప్పేసి కూర్చుంటే సరిపోతుంది, ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

ఎమెట్ బ్యాగ్ జిప్ సరిగా పడలేదు. నీలి కర్టెన్ అంచు బయటికి వేలాడుతోంది.

జూనీ సున్నాని గోటితో పెకిలించింది. జిగురు గట్టిదే, పోస్టర్ కూడా కొంత చిరిగి వచ్చింది.

"ఇది నేను చూడలేదు," అంది.

"ఏంటీ?" అన్నాడు రూడీ.

"మొదటి కార్టూన్ నేను చూడలేదు. దాన్ని ఎవరో వెక్కిరించిన వీడియో చూశానంతే. జోకు కూడా నాది కాదు."

"అంటే మంగళవారం అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. జూనీ చెవులు మండిపోయాయి. అయినా కూర్చోలేదు.

"ఇక్కడ అది చూసింది ఎమెట్ ఒక్కడే. నా మిగతా టైమ్ వాడికిస్తున్నా."

ఎమెట్ వెంటనే లేవలేదు. "నవ్వుతారు," అన్నాడు నెమ్మదిగా.

"ఇవాళ నవ్వితే నన్ను చూసి నవ్వుతార్లే."

వాడు లేచాడు. రెక్కలు కట్టుకున్నాడు. ఒక వైపు మెలిపడితే జూనీ సరిచేసింది. వాడు డీవీడీ పెట్టి చివరి ఎపిసోడ్ నొక్కాడు.

తెర మీద కొండ వచ్చింది. మళ్ళీ అదే కొండ. రూడీ ఇకిలించాడు.

కథలో సరస్సు అంతటా పొగమంచు. ఇద్దరు పిల్లలు చిన్న పడవలో దారి తప్పారు. వాళ్ళకి ఒడ్డు ఎటో తెలియాలంటే కనిపించేది ఒక్కటే, నీలికొంగ చేతిలో దీపం. అతను ఆ ఒడ్డునున్న కొండ చుట్టూ తిరుగుతున్నాడు. కొండ మళ్ళీ వచ్చింది. అతని రెక్క విరిగి ఉంది. మళ్ళీ కొండ. దీపం వంక చూస్తూ పిల్లలు తెడ్లు వేస్తున్నారు. మళ్ళీ కొండ.

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"ఇంకొక్క చుట్టు," అని గొణిగాడు రూడీ, చేతిలో డోనట్ మర్చిపోయి. "ఒక్కటి తిరుగు చాలు."

పడవ ఒడ్డుకి తగిలాక మిస్ హార్లన్ లైట్లు వేసింది. ఎమెట్ జూనీ వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పు. పడవ దగ్గరికి ఎందుకు దిగలేదంటావ్?"

జూనీకి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపింది.

"ముందువి చూడలేదు కదా. అన్నీ చూసి చెప్తా."

డీవీడీ తిరిగి ఇవ్వాల్సింది ఆ రోజే. ఎమెట్ దాన్ని కౌంటర్ మీద పెట్టి, చెయ్యి మాత్రం తీయలేదు. జూనీ జేబులోంచి తన లైబ్రరీ కార్డు తీసి దాని పక్కన పెట్టింది.

"నా పేరు మీద ఇవ్వండి," అంది. తర్వాత ఎమెట్ వైపు తిరిగింది. "రేపు మా ఇంటికి వస్తావా? కలిసి చూద్దాం."

"వస్తా. కానీ ముందే చెప్తున్నా, మొదటి ఎపిసోడ్ కొంచెం బోరు..."

"చెప్పకు," అంది జూనీ. "నేను చూస్తాను."