నాలుగోసారి

ఆ సాయంత్రం పొద్దు కుంకేలోపు యెమీమా నన్ను క్షమించకపోతే నా ఉపవాసం దండగ.

మా పెద్దలు చెప్పేది అదే. దేవుడికి చేసిన తప్పుల్ని మా యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ నాడు దేవుడే మన్నిస్తాడు. మనిషికి చేసిన తప్పుని మాత్రం ఆ మనిషే మన్నించాలి. అందులో దేవుడు కూడా వేలు పెట్టడు.

జెరూసలేం బజార్లో నాది కళ్లజోళ్ల కొట్టు. ఎదురుగా రహమీమ్ గారి ఆలివ్ కాయల కొట్టు. యెమీమా ఆయన కూతురు. నెల క్రితం ఎవరో పెద్దావిడ నాకు ఫోన్ చేసింది.

"బాబూ, మా అబ్బాయికి రహమీమ్ గారి అమ్మాయిని అనుకుంటున్నాం. ఎదురు కొట్టే కదా, పిల్ల ఎలాంటిది?"

"మంచి పిల్లేనండీ. కాకపోతే ఆ నోరుంది చూశారూ, కాయలు కొందామని వచ్చినవాళ్లు కొనకుండానే పారిపోతారు" అన్నాను.

సంబంధం తప్పిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

మొదటిసారి ఒక్కడినే వెళ్లాను.

"ఏదో సరదాకి అన్నాను యెమీమా. క్షమించు."

"సరదాకా? అయితే ఏదీ, ఒకసారి నవ్వి చూపించు."

నాకు నవ్వు రాలేదు.

"కాయలు కావాలా? వద్దంటే పక్కకి జరుగు. బేరాలు పోతున్నాయి."

రెండోసారి తేనె కేకు పట్టుకెళ్లాను. ఒప్పుకోకపోతే ముగ్గుర్ని వెంటపెట్టుకుని వెళ్లాలని శాస్త్రం. మా బాబాయి, చేపల కొట్టాయన, మంగలి పెళ్లిచూపులకొచ్చినట్టు వరసగా నిలబడ్డారు.

"మా ఎల్కానా మంచోడేనమ్మా" అన్నాడు బాబాయి.

"నా గురించి కూడా ఎవరైనా ఫోన్లో ఆ ఒక్క మాటే చెప్పి ఊరుకుంటే బాగుండేది బాబాయ్ గారూ."

కేకు మంగలి తినేశాడు.

మూడోసారి ఆ రోజే, యోమ్ కిప్పూర్ ముందు పొద్దున్న. మళ్లీ ఆ ముగ్గురితోనే. "సరదాకే యెమీమా, ఒట్టు" అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "వెళ్లు" అంది.

"పోన్లేరా" అన్నాడు బాబాయి. "మూడుసార్లు అడిగావు. శాస్త్రం ప్రకారం నీ పనైపోయింది. ఇంక ఆ పాపం ఆ పిల్లది. పోయి భోంచెయ్."

పొద్దుగుంకి మొదలయ్యే ఉపవాసానికి ముందు భోజనం. కంచం పక్కకి నెట్టేశాను. నా పని ఎక్కడైపోయింది? సరదాకి అననేలేదు నేను. చేసిన తప్పు కడుపులో దాచుకుని, చెయ్యని తప్పుకి మూడుసార్లు క్షమాపణ అడిగాను. నిజం చెబితే మొహమ్మీద తలుపేస్తుంది. చెప్పకపోతే ఏడాదంతా ఆ కొట్టు వైపు ఎలా చూడాలి?

పండగనాటి తెల్లచొక్కా, గుడ్డ బూట్లు వేసుకుని పరిగెత్తాను. వాళ్ల మేడ మీద ఎండ అప్పటికే ఎర్రబడింది.

తలుపు యెమీమాయే తీసింది.

"మళ్లీ ఏంటి? మూడూ అయిపోయాయిగా!"

"అవి చెల్లవు."

"ఏం?"

"సరదాకి అనలేదు. కావాలనే అన్నాను. పెళ్లి చేసుకుని వెళ్లిపోతావని భయమేసింది. నువ్వంటే ఇష్టం. అది నీతో చెప్పే ధైర్యం లేక నీ మీద అబద్ధం చెప్పాను. తప్పుకి మాత్రం క్షమించు. ఇష్టానికి ఇప్పుడే జవాబు చెప్పక్కర్లేదు."

యెమీమా మాట్లాడలేదు. ఆ నోరు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆవిడకి నీ నంబరు ఎవరిచ్చారో తెలుసా?" అంది చివరికి.

"ఎవరో పెళ్లిళ్ల పేరయ్య."

"నేను! ఆ పిల్ల నాక్కావాలి, మీరు వేరే సంబంధం చూసుకోండి అని నువ్వు ఆవిడతో అంటావేమోనని. నువ్వేమో నా నోటి గురించి చెప్పావు. పైగా సరదాకి అన్నానన్నప్పుడల్లా కడుపు మండిపోయింది." కళ్లు తుడుచుకుంది. "ఆ తల్లీకొడుకులతో ఆడుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేసి వాళ్లని క్షమాపణ అడిగాను. నిన్ను క్షమించాను ఎల్కానా. నువ్వు నన్ను క్షమిస్తావా?"

నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి రహమీమ్ గారు వచ్చారు. ఉపవాసం మొదలయ్యేముందు తండ్రి పిల్లల్ని దీవించాలి.

"త్వరగా రామ్మా, పొద్దు పోతోంది. ఇతనింకా వదల్లేదా? క్షమించావా లేదా?"

"క్షమించాను నాన్నా. ఇప్పుడు అతనే నన్ను క్షమించాలి."

ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు.

"మీ నాన్న ఎక్కడయ్యా?"

"హైఫాలో అండీ. ఫోన్లోనే దీవించారు."

"మీ ఫోన్లతో చచ్చేట్టున్నాను. ఇలా రా. వంచండి తలలు."

ఒక చెయ్యి యెమీమా తల మీద పెట్టారు. రెండోది నా తల మీద. ఆ చెయ్యి బరువుకి నాకు ఏడుపొచ్చింది. దీవెన చదవడం అయిపోయినా ఆయన చేతులు తియ్యలేదు.

"క్షమించాను" అన్నాను యెమీమాతో, తల వంచుకునే.

"కాస్త గట్టిగా చెప్పవయ్యా" అన్నారు రహమీమ్ గారు. "ఈసారి నేను కూడా వినాలి."